దగ్గర్లోని పాత కోటలు, శాసనాలతో క్లాసులో పాఠం చెప్పడం నిజంగా పనికొస్తుందా? ఎలా చెయ్యాలి?

టీచరు గారూ, మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఒడిశా గంజాం జిల్లాలో ఒక హైస్కూల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా సోషల్ చెబుతున్నారు. పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగు, సగం మంది ఒడియా. పోయిన ఏడాది అశోకుడి శాసనాలున్న జౌగడ తీసుకెళ్తే అది పిక్నిక్ అయిపోయింది, తిరిగొచ్చాక ఏం చూశారని అడిగితే బస్సు గురించి, తిండి గురించి చెప్పారు తప్ప శాసనం గురించి ఒక్కరూ చెప్పలేదు. సిలబస్ వెనకబడింది, హెడ్‌మాస్టర్ గారు మళ్లీ పర్మిషన్ ఇవ్వడానికి వెనకాడుతున్నారు. అసలు ఇలాంటి చోట్ల వల్ల చదువుకి ఉపయోగం ఉందా, ఉంటే ఎలా వాడుకోవాలి అని కదా?

సూటిగా చెబుతాను. ఉపయోగం ఉంది, చాలా ఉంది. కానీ స్థలాన్ని చూపించినంత మాత్రాన పాఠం రాదు. ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్లండి. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉండకూడదు, అక్కడికి వెళ్లి కళ్లతో వెతికితేనే దొరకాలి. వెళ్లేముందు ఒక పీరియడ్, అక్కడ ఒక పూట, వచ్చాక ఒక పీరియడ్. ఈ మూడూ కలిపి ఆ యూనిట్‌కి బదులుగా చెయ్యాలి, యూనిట్ మొత్తం చెప్పేశాక దాని మీద అదనంగా కాదు. సిలబస్ వెనకబడేది అదనంగా చేసినప్పుడే. మౌర్యుల పాఠానికి మీకు ఎన్ని పీరియడ్లు ఇచ్చారో వాటిలో మూడు ఇటు తిప్పండి, మిగతావాటిలో మిగతా పాఠం సరిపోతుంది.

నేను గంజాం, గజపతి జిల్లాల్లో చాలా ఏళ్లు సోషల్ చెప్పాను, తెలుగు మీడియంలోనూ, ఒడియా మీడియంలోనూ. కాబట్టి కింద రాసేదంతా మన ప్రాంతానికి సరిపోయేదే.

ముందు జౌగడ సంగతే చూద్దాం, ఎందుకంటే మీరు అక్కడికే వెళ్లారు, పైగా మన దేశంలో ఒక టీచరుకి అంత మంచి స్థలం దొరకడం అరుదు. పురుషోత్తంపూర్ దగ్గర, ఋషికుల్యా నది ఒడ్డున ఉన్న ఆ బండ మీద అశోకుడి శాసనాలు ఉన్నాయని పిల్లలకి చెప్పి తీసుకెళ్తే వాళ్లకి కనిపించేది ఏమిటి? కప్పు కింద ఒక పెద్ద బండ, దాని మీద అరిగిపోయిన గీతలు, కొంత భాగం పెచ్చులూడిపోయి ఉంటుంది. చదవడం రాదు, తాకనివ్వరు, తాకకూడదు కూడా. పది నిమిషాల్లో పిల్లలు పక్కకి వెళ్లిపోతారు. అది వాళ్ల తప్పు కాదు, ఆ గీతల్లో వెతకాల్సింది ఏమిటో వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఇలా చెయ్యండి. ముందు రోజు క్లాసులో, పాఠ్యపుస్తకాల్లో అందరూ చదివే ఆ కళింగ యుద్ధం భాగం చదివించండి. క్రీ.పూ. 261 ప్రాంతంలో జరిగిన ఆ యుద్ధంలో లక్ష మంది చనిపోయారనీ, లక్షన్నర మందిని బందీలుగా పట్టుకుపోయారనీ, దానికి అశోకుడు బాధపడ్డాడనీ ఉంటుంది. ఈ మాటలు ఎక్కడివి అని అడగండి. అవి అశోకుడి 13వ శిలాశాసనంలోవి. ఆ యుద్ధం జరిగింది మన నేల మీద. శాసనాలున్న బండ మన జిల్లాలో ఉంది. మరి 13వ శాసనం ఆ బండ మీద ఎక్కడుంది? రేపు వెళ్లి వెతుకుదాం అనండి.

వెతికినా దొరకదు, అది అక్కడ లేదు. జౌగడలో 1 నుంచి 10 వరకు ఉన్నాయి, 14 ఉంది. 11, 12, 13 లేవు. భువనేశ్వర్ దగ్గర ధౌలిలోనూ అంతే. వాటికి బదులు ఈ రెండు చోట్లా ప్రత్యేకంగా రెండు శాసనాలు చెక్కించారు. యుద్ధంలో ఎంతమంది చచ్చారో ఆ లెక్క ఎక్కడో వాయవ్యాన షాబాజ్‌గఢీలో ఉంది, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, చచ్చినవాళ్ల ఊళ్లో మాత్రం లేదు! ఈ ఒక్క విషయం దగ్గర క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోవడం, ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం నేను చాలాసార్లు చూశాను. ఎందుకు రాయించలేదు? సిగ్గుపడ్డాడా, జనం మళ్లీ తిరగబడతారని భయపడ్డాడా, పుండు మీద కారం చల్లినట్టు ఉంటుందనుకున్నాడా? చరిత్రకారులు ఎక్కువగా చెప్పేది, గెలిచిన రాజు ఓడిన జనానికి వాళ్ల చావుల లెక్క గుర్తు చెయ్యడం మంచిది కాదనుకుని ఉంటాడని. కానీ అది ఊహే, శాసనంలో కారణం రాసి లేదు. ఆధారం ఎక్కడ ఆగింది, ఊహ ఎక్కడ మొదలైంది అనేది పిల్లవాడు తన నోటితో చెప్పగలిగితే మీ ట్రిప్పు సార్థకమైనట్టే. చరిత్ర చదవడంలో అన్నిటికన్నా కష్టమైన పని అదే, డిగ్రీ పిల్లలు కూడా చెయ్యలేరు.

అక్కడి ప్రత్యేక శాసనాల్లో ఏముందో తెలుగులోకో ఒడియాలోకో తేలిక మాటల్లో రాసి పట్టుకెళ్లండి. జౌగడలో అవి సమాప అనే ఊళ్లో ఉన్న మహామాత్రులను, అంటే రాజు పెద్ద అధికారులను ఉద్దేశించినవి, ధౌలిలో తోసలి అనే ఊరి అధికారులను ఉద్దేశించినవి. విషయం దాదాపు ఒకటే, అడ్రసు వేరు. పిల్లలకి ఇది వెంటనే అర్థమవుతుంది, భువనేశ్వర్ నుంచి ఒకే సర్క్యులర్ అన్ని బ్లాకుల విద్యాధికారుల (బీఈవో) ఆఫీసులకీ వచ్చినట్టు. ప్రజలంతా నా బిడ్డలు అంటాడు రాజు. అధికారులు ఈర్ష్య, కోపం, క్రూరత్వం, తొందరపాటు, బద్ధకం లేకుండా పని చెయ్యాలంటాడు, అన్యాయంగా ఎవర్నీ బంధించకూడదంటాడు. రెండోదాంట్లో, జయించని సరిహద్దు జనం తనని చూసి భయపడకూడదు, నమ్మాలి అంటాడు. యుద్ధం చేసిన రాజు, ఓడిన ప్రాంతంలో ఉన్న ఆఫీసర్లకి రాసిన ఉత్తరం ఇది. పిల్లల్ని అడగండి: ఈ ఉత్తరం రాయాల్సి వచ్చిందంటే అప్పటికి ఇక్కడి ఆఫీసర్లు ఎలా ఉండి ఉంటారు?

ఇంకో సంగతి, ఆ శాసనాలను తిష్య నక్షత్రం రోజుల్లో జనానికి చదివి వినిపించాలని అందులోనే ఉంది. అంటే అది కళ్లతో చదవడానికి పెట్టిన బోర్డు మాత్రమే కాదు, చెవులతో వినాల్సింది. కాబట్టి అక్కడే, బండ దగ్గర నిలబడి, గొంతు బాగున్న పిల్లనో పిల్లవాడినో గట్టిగా చదవమనండి, ఒకసారి తెలుగులో, ఒకసారి ఒడియాలో. మిగతావాళ్లు వింటూ కూర్చుంటారు. నా అనుభవంలో ఎప్పుడూ చదవడానికి ముందుకు రాని పిల్లలు ఇక్కడ వచ్చారు. ఎందుకో నేను పూర్తిగా చెప్పలేను గానీ, చదివేదానికి ఒక పని ఉందని తెలిసినప్పుడు పిల్లలు వేరేగా చదువుతారు.

జౌగడ లక్కతో కట్టిన కోట అని, శత్రువులు ఎక్కబోతే జారిపోయేవారని ఊళ్లో కథ చెబుతారు. దాన్ని కొట్టిపారెయ్యకండి. కథ చెప్పించండి, పెద్దవాళ్ల నోట రికార్డు చేయించండి, ఆ తర్వాత మిగిలి ఉన్న మట్టి గోడ దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టండి. గోడ దేంతో కట్టారో కళ్ల ముందే ఉంది. మరి కథ ఎందుకు పుట్టింది? కథని అబద్ధం అని కొట్టెయ్యకుండా, ఆధారంతో కలిపేసి గందరగోళం చెయ్యకుండా, రెండిట్నీ రెండు చోట్ల పెట్టడం పిల్లలకి ఇక్కడ వస్తుంది. గోడ పొడవు అడుగులతో కొలిపించండి, స్కేలు వేసి మ్యాపు గీయించండి, లెక్కల మాస్టారికి కూడా మీతో పని దొరుకుతుంది.

బ్రాహ్మి లిపిలో పేర్లు రాయించడం చాలామంది చేస్తారు. మంచిదే, పిల్లలకి సరదా. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి చదివేదాకా ఇలాంటి బండలు మన దేశంలో ఎవరికీ అర్థం కాలేదనీ, జౌగడ శాసనానికి వాల్టర్ ఇలియట్ 1850లో నకలు తీశాడనీ చెప్పడానికి అది బాగా పనికొస్తుంది. కానీ అది అరగంట పని. అదే మొత్తం పాఠం అయిపోతే పిల్లలు తమ పేరు రాసుకోవడం నేర్చుకుంటారు, అశోకుడి గురించి ఏమీ నేర్చుకోరు.

మళ్లీ పర్మిషన్ రాకపోతే? బండనే క్లాసుకి తెచ్చుకోండి. శాసనం ఫొటోని ఫ్లెక్స్ షాపులో వీలైనంత పెద్దగా ప్రింటు తీయించి గోడకి కట్టండి. పిల్లలు దాని ముందు కింద కూర్చుని, ఎక్కడ రాయి ఊడిపోయిందో, ఎక్కడ అక్షరాలు మిగిలాయో పెన్సిలుతో గీసుకుంటారు. స్థలానికి వెళ్లినంత బలం దీనికి లేదు, నిజమే, కానీ ఏమీ ప్రశ్న లేకుండా స్థలానికి వెళ్లడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

ఇక రెండో మాట. పేరున్న చోటు కన్నా నడిచి వెళ్లగలిగే చోటు మేలు. జౌగడ ఏడాదికి ఒకసారి. నడిచి వెళ్లేది ఎన్నిసార్లయినా వెళ్లొచ్చు, పిల్లవాడు సాయంత్రం వాళ్ల నాన్నని తీసుకుని మళ్లీ వెళ్తాడు. ఊళ్లో పాత చెరువు గట్టు, బ్రిటిష్ కాలం బంగళా, మూతపడ్డ రైలు స్టేషను, పాత బావి, జమీందారు కచేరీ, ఆఖరికి మీ స్కూలు బిల్డింగే. మీ స్కూలు పాతదైతే అడ్మిషను రిజిస్టర్లు చూడండి. యాభై అరవై ఏళ్ల కిందటి రిజిస్టరులో ఎంతమంది ఆడపిల్లలు చేరారు, ఎన్నో క్లాసులో మానేశారు, ఏ ఊళ్ల నుంచి నడిచి వచ్చేవాళ్లు, ఈ లెక్కలు తీస్తే మీ ఊరి సాంఘిక చరిత్ర మొత్తం అందులో ఉంటుంది. ఒక జాగ్రత్త, పేర్లూ కులాలూ కనపడకుండా అంకెలు మాత్రమే మీరు ముందే వేరే కాగితం మీద ఎక్కించుకుని పిల్లలకి ఇవ్వండి. ఎవరి తాతని ఎవరూ వేలెత్తి చూపే పరిస్థితి రాకూడదు.

గజపతి జిల్లా కేంద్రం పర్లాకిమిడి వైపు స్కూళ్లలో నేను ఎక్కువగా వాడింది రెండు: రైలు, గిడుగు వారు.

రైలు సంగతి తేలిక. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది, ఎస్టేటు వాళ్లే వేసుకున్నది, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. పట్టాల మధ్య వెడల్పు 2 అడుగుల 6 అంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. ఇప్పుడున్న బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. చిన్న రైలు ఆగిపోయి పెద్ద లైను వచ్చింది ఈ శతాబ్దంలోనే, కాబట్టి దాంట్లో ప్రయాణం చేసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పిల్లల చేత వాళ్లని అడిగించండి: ఏం తీసుకెళ్లేవాళ్లు, ఎంతసేపు పట్టేది, ఎందుకు వెళ్లేవాళ్లు. అమ్మమ్మలు మాట్లాడటం మొదలుపెడితే ఆపరు. ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానికి కలవదు, అప్పుడు ఎవర్ని నమ్మాలి అనే ప్రశ్న పిల్లలే వేసుకుంటారు, మీరు వెయ్యక్కర్లేదు. రాజుగారు రైలు ఎందుకు వేశారు అన్నది పెద్ద క్లాసులకి మంచి ప్రశ్న: మెయిన్ లైను నౌపడా మీదుగా పోతోంది, మన ఊరికి రాదు, అప్పుడు ఏ సరుకు బయటికి పోవాలి, ఏది లోపలికి రావాలి?

గిడుగు వెంకట రామమూర్తి గారి సంగతి నాకు మనసుకి దగ్గరిది, కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. తెలుగు పిల్లలకి ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం అని తెలుసు, ఆయన పుట్టినరోజని కూడా తెలుసు. కానీ ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరాడనీ, పిల్లలకి చరిత్ర చెప్పిన మాస్టారనీ చాలామందికి తెలియదు. మీరు నన్ను అడిగిన పని ఆయన నూట ముప్ఫై ఏళ్ల కిందటే చేశాడు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం గుళ్ల మీద ఉన్న శాసనాలు చదవాలనిపించి, చెప్పేవాళ్లు ఎవరూ లేకపోతే తనంతట తనే ఆ లిపి నేర్చుకుని చదివాడు, కళింగను ఏలిన తూర్పు గంగ రాజుల గురించి వ్యాసం రాశాడు. అక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష కూడా అలాగే, సవరా తెలుగూ రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు నడిపాడు. పర్లాకిమిడిలో పనిచేసే ప్రతి టీచరూ ఈ మనిషి నడిచిన వీధుల్లోనే నడుస్తున్నారు. క్లాసుతో ఆ వీధుల్లో ఒక గంట నడవండి, ఆయన గురించి అక్కడే చెప్పండి, పుస్తకం అక్కర్లేదు.

ఆ నడక రాజుగారి కోట దగ్గరికి కూడా పోవాలి. ఎందుకంటే 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఎస్టేటు రెండు ముక్కలైంది, ఊరు ఒడిశాకి వచ్చింది, పాతపట్నం వైపు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఒడిశా రాష్ట్రం కోసం లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్లి వాదించిన ఇక్కడి రాజు కృష్ణచంద్ర గజపతి గారిది ఈ ఊరే, తర్వాత ఒడిశాకి తొలి ప్రధాని అయ్యాడు, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. ఆ నిర్ణయం నచ్చక, ముసలితనంలో ఇల్లు వదిలేసి రాజమండ్రి వెళ్లిపోయిన గిడుగు వారిది కూడా ఈ ఊరే. ఒకే ఊరు, ఒకే సంఘటన, ఇద్దరు పెద్దమనుషులు, రెండు దారులు.

ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. మీ క్లాసులో ఇటు పిల్లలూ అటు పిల్లలూ ఉన్నారు. ఎవరు కరెక్టు అని డిబేటు పెట్టకండి, పెడితే అది మర్నాడు ఇంటిదాకా పోతుంది. నేను చేసేది ఇది: తెలుగు పిల్లలకి కృష్ణచంద్ర గజపతి గారి వైపు నుంచి ఆలోచించి ఒక పేజీ ఉత్తరం రాయమంటాను, ఒడియా పిల్లలకి గిడుగు వారి వైపు నుంచి. అవతలివాడు ఏం పోగొట్టుకుంటానని భయపడ్డాడో రాయాలి, అంతే. బాగా రాస్తారు. ఆ తర్వాత సరిహద్దు అనేది ఎప్పుడూ ఉన్న గీత కాదని, ఎవరో ఒక రోజు గీసిందనీ మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

ఇక శ్రీముఖలింగం సంగతి. తప్పకుండా వెళ్లండి, పర్లాకిమిడి నుంచి దగ్గరే, కానీ రాష్ట్రం దాటుతారు కాబట్టి కాగితాలు ముందే చూసుకోండి. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర అని మూడు గుళ్లు. గంగ రాజుల రాజధాని కళింగనగరం ఇదే. పూరీ జగన్నాథ గుడి కట్టించిన అనంతవర్మ చోడగంగుడి వంశం ఇక్కడి నుంచే అటు వెళ్లింది, అంటే మీ ఒడియా పిల్లలకీ తెలుగు పిల్లలకీ ఇది సమానంగా సొంతం. అక్కడ శిల్పాలన్నీ చూపించాలని చూడకండి. గోడల మీద, స్తంభాల మీద శాసనాలు ఉన్నాయి, చాలావరకు అఖండ దీపానికి ఇంత అని మాడలు, అంటే పాత బంగారు నాణేలు దానం ఇచ్చినవి. ప్రశ్న ఒక్కటే: గుళ్లో దీపం ఆరకుండా వెలగాలంటే ఎవరెవరు పని చెయ్యాలి? నూనె, గానుగ, నువ్వులు, పొలం, కాపు, అలా వెళ్తే ఆ కాలం ఆర్థిక వ్యవస్థ మొత్తం పిల్లలే తేలుస్తారు.

గంజాం ఊరి దగ్గర పొటగడ కోట గురించి క్లుప్తంగా: 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కట్టించిన నక్షత్రం ఆకారపు కోట. కోట ఎందుకు గుండ్రంగానో చదరంగానో కాకుండా కోణాలతో ఉంది, ఫిరంగులు ఎటు తిరిగి ఉండేవి, ఆ ప్రశ్నకి ఒక పూట సరిపోతుంది. మహేంద్రగిరికి హైస్కూలు పిల్లల్ని తీసుకెళ్లొద్దు. 1,501 మీటర్ల కొండ, దారి కష్టం, రోజంతా ప్రయాణానికే పోతుంది, పాఠానికి టైము మిగలదు.

ఇప్పుడు నడిపించే సంగతులు. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ ట్రిప్పు పాడయ్యేది వీటి దగ్గరే.

మీరు ఒక్కరే ముందుగా వెళ్లి రండి. నీడ ఎక్కడుంది, నీళ్లు ఉన్నాయా, బాత్రూం ఉందా. బాత్రూం లేకపోతే ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా వస్తారు, ఎండలో కళ్లు తిరిగి పడిపోతారు, ఎవరూ కారణం చెప్పరు. దారిలో ఏ స్కూలు దగ్గరో, పంచాయతీ ఆఫీసు దగ్గరో ఆపుకోవడానికి ముందే మాట్లాడి పెట్టుకోండి. పాత గుళ్ల దగ్గర తేనెపట్లు ఉన్నాయేమో పైకి చూడండి, ఉంటే పిల్లల్ని ఆ పక్కకి పోనివ్వకండి. గడ్డి పెరిగిన చోట పాములు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లడం మంచిది. పురుషోత్తంపూర్ వైపు చైత్రమాసం మంగళవారాల్లో అసలు పెట్టుకోకండి, తారాతారిణి జాతరకి రోడ్లన్నీ నిండిపోతాయి.

మధ్యాహ్న భోజనం వండేవాళ్లతో ముందే మాట్లాడండి, వీలైతే భోజనం టైముకి తిరిగి వచ్చేలా పొద్దున్నే బయల్దేరండి. తిండి ట్రిప్పు మధ్యలో పెడితే అక్కడితో ట్రిప్పు అయిపోయినట్టే, ఆ తర్వాత ఎవరి మనసూ రాయి మీద ఉండదు. పోయినసారి మీ దగ్గర జరిగింది అదే అనుకుంటాను.

పిల్లల్ని నలుగురైదుగురు చొప్పున గుంపులు చెయ్యండి, ప్రతి గుంపులో ఒకరు గీసేవాళ్లు, ఒకరు రాసేవాళ్లు, ఒకరు కొలిచేవాళ్లు. ఫోను గుంపుకి ఒకటి కూడా అక్కర్లేదు, మీ దగ్గర ఉన్నది చాలు. ఫొటో తీసిన పిల్లవాడు చూడటం ఆపేస్తాడు, గీసినవాడు చూడక తప్పదు. బొమ్మ బాగుండాల్సిన పని లేదని ముందే చెప్పండి. అక్షరాల మీద చాక్‌పీసు రుద్దడం, నీళ్లు చల్లడం, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం, ఏదీ వద్దు. రక్షిత కట్టడానికి నష్టం చేస్తే 1958 చట్టం కింద జైలు శిక్ష దాకా ఉంది, ఈ సంగతి పిల్లలకి బెదిరింపుగా కాకుండా మామూలుగా చెప్పండి. పురావస్తు శాఖ వాళ్ల లోకల్ ఆఫీసుకి స్కూలు లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ముందే ఇస్తే అక్కడి కాపలా మనిషి మీకు సాయంగా ఉంటాడు. టికెట్టు పెట్టిన కేంద్ర కట్టడాల్లో కూడా 15 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్టు ఉండదు, కాబట్టి ఖర్చంతా బస్సుదే.

గుళ్ల విషయంలో ఇంకొకటి. క్లాసులో అన్ని మతాల పిల్లలూ ఉంటారు, గజపతి జిల్లాలో క్రైస్తవ సవర పిల్లలు చాలామంది. కొందరు లోపలికి రారు, కొన్ని రోజుల్లో కొందరు ఆడపిల్లలు రామంటారు. ఎవర్నీ అందరి ముందు కారణం అడగకండి. పనంతా గుడి బయట గోడల మీద, ప్రాకారంలో, వీధిలో ఉండేలా పెట్టుకుంటే ఎవరూ విడిగా నిలబడాల్సిన అవసరం రాదు. సవర పిల్లలుంటే ఇంకో మాట, మన చరిత్రంతా రాజులూ గుళ్లూ కోటలే అన్నట్టు చెబితే వాళ్లకి అందులో చోటుండదు. వాళ్ల ఇళ్లల్లో గోడల మీద వేసే బొమ్మలున్నాయి, కొండల మీద మెట్లు మెట్లుగా రాళ్లు పేర్చి కట్టిన పొలాలున్నాయి. ఆ రాతి గట్లు కూడా పాత కట్టడాలే, ఇంజనీరింగే. ఒకసారి ఆ పొలాల దగ్గరికి క్లాసుని తీసుకెళ్తే, ఎప్పుడూ వెనక బెంచీలో ఉండే సవర పిల్లవాడే ఆ పూట టీచరవుతాడు. నేను చూసినవాటిలో అన్నిటికన్నా మంచి పూటలు ఇలాంటివే.

వచ్చాక ఒక పీరియడు అన్నాను కదా, అది మర్నాడే పెట్టండి, వారం ఆగితే ఏమీ మిగలదు. "నా విహారయాత్ర" వ్యాసం మాత్రం రాయించకండి. అందరూ ఒకేలా రాస్తారు, పొద్దున్నే లేచాం, బస్సెక్కాం అని. దానికి బదులు ఒక పేజీని రెండుగా మడిచి, ఒక పక్క "నేను కళ్లతో చూసింది", ఇంకో పక్క "దాన్నిబట్టి నేను అనుకుంటున్నది" అని రాయించండి. మార్కులు కూడా దీనికే వెయ్యండి, యూనిట్ టెస్టులో ఒక ప్రశ్నగా పెట్టండి. మార్కులు లేని పనిని పిల్లలూ సీరియస్‌గా తీసుకోరు, తల్లిదండ్రులూ తీసుకోరు, హెడ్‌మాస్టర్ గారూ తీసుకోరు. ఈ పేజీలు కొన్ని ఆయన టేబుల్ మీద పెట్టండి, వచ్చే ఏడాది పర్మిషన్ సంగతి అవే చూసుకుంటాయి.

అన్ని పాఠాలకీ ఇది పనిచేస్తుందా అంటే లేదు. రాజ్యాంగం, పార్లమెంటు, బ్యాంకులు, ప్రపంచ యుద్ధాలు ఇలాంటివాటికి బలవంతంగా ఏదో ఒక స్థలం వెతక్కండి. ఏడాదికి ఒక దూరం, రెండు మూడు దగ్గరివి చాలు. అలాగే మీకు ఆ స్థలం గురించి ఏమీ తెలియకుండా అక్కడి గైడు చెబుతాడులే అని వెళ్లొద్దు. గైడ్లు మంచివాళ్లే గానీ వాళ్లు కథ చెబుతారు, ప్రశ్న వెయ్యరు.

ఈ ఏడాదికి మీరు చెయ్యాల్సింది చెబుతాను. జౌగడకి మళ్లీ వెళ్తామని ఇప్పుడే అడగకండి. ముందు స్కూలుకి నడిచి వెళ్లే దూరంలో ఒకటి ఎంచుకుని, ఆఖరి రెండు పీరియడ్లు కలిపి తీసుకుని చెయ్యండి, దానికి బస్సూ అక్కర్లేదు, పెద్ద పర్మిషనూ అక్కర్లేదు. ఆ పేజీలు చూపించి జనవరిలో జౌగడకి అడగండి. మీ స్కూలు ఏ బ్లాకులో ఉందో, చుట్టుపక్కల పాతవి ఏమేం ఉన్నాయో కింద రాస్తే, దేనికి ఏ ప్రశ్న పెట్టుకోవచ్చో నాకు తోచింది చెబుతాను.